అట్టలో చీటీలు

పళ్ళ ల్యాబు, వెనక గది
ఫిబ్రవరి 9

బావకి,

అక్క మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెబితే అది వినదు, నువ్వు గట్టిగా చెప్పవు. మీ ఇద్దరి సంగతీ తెలిసిందే కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

మా వీధి చివరి లైబ్రరీలో రికార్డుల గది ఒకటి ఉందని ఇదివరకు రాశాను. అందులో ఒక బీరువా నిండా నీ పుస్తకంలోని ఆల్బములే. ‘విని తీరాల్సిన నూరు’ అచ్చయిన కొత్తలో ఎవరో పెద్దమనిషి నీ పట్టిక పట్టుకుని నూరూ తెప్పించి లైబ్రరీకి ఇచ్చాడట. వాటిని వందో నంబరు నుంచి వెనక్కి వింటూ వస్తున్నాను. రెండేళ్ళలో ముప్ఫై ఒకటి దాకా వచ్చాను.

వినడం అంటే నువ్వు వినేలా కాదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకునే వీలు నాకు లేదు. ల్యాబు పెద్దాయన పాత ప్లేయరు వెనక గదిలో పడి ఉంటే తుడిచి పెట్టుకున్నాను. మైనంలో కట్టుడు పళ్ళు అమరుస్తూ వింటాను. పై దవడకి పద్నాలుగు, కింది దవడకి పద్నాలుగు. ఒక దవడ అయ్యేసరికి ఒక వైపు అయిపోతుంది. మైనం చల్లారేలోగా రికార్డు తిప్పుతాను.

ప్రతి అట్టలోనూ లైబ్రరీ వాళ్ళది ఒక గీతల చీటీ ఉంటుంది. తేదీ, వృత్తి, అభిప్రాయం అని మూడు గళ్ళు. పేరు అక్కర్లేదు, ఏ పని చేస్తారో రాస్తే చాలు. ఇన్నేళ్ళూ అవన్నీ ఖాళీగానే ఉన్నాయి. నేను రాయడం మొదలుపెట్టాను. నువ్వు నవ్వుతావని కొన్ని ఎత్తి రాస్తున్నాను.

నీ ఎనభై నాలుగు, ఒంటరి చెల్లో, అదే ఆ పెద్ద వయొలిన్: “ఒక్క మనిషి, ఒక్క వాయిద్యం. వాయించే ముందు ఆయన ముక్కుతో ఊపిరి పీల్చడం వినిపిస్తుంది. నాకు అదే ఎక్కువ నచ్చింది.”

డెబ్భై ఒకటి, ట్రంపెట్ ఆయన, ఆయన బృందం, మొత్తం ఐదుగురు: “ఒకరు మాట్లాడుతుంటే మిగతా నలుగురూ వినే ఇల్లు. ఇలాంటి ఇల్లు నేను చూడలేదు.”

అరవై, ఆ గిటార్ల గోల: “మా పాలిష్ మోటారు ఇంతకంటే శ్రుతిలో ఉంటుంది. నాలుగో పాట మాత్రం రెండుసార్లు పెట్టుకున్నాను. ఎందుకో చెప్పను.”

నలభై ఆరు, సింఫనీ: “ఆఖరి భాగం ముగింపుకి వచ్చిందని లేచి టీ పెట్టుకున్నాను. తాగి కప్పు కడిగి వచ్చినా ఆయన ఇంకా ముగిస్తూనే ఉన్నాడు.”

లైబ్రేరియన్ని మేమంతా నిశ్శబ్దం గారు అంటాం. గోడ మీద ఆ మాట రాసిన బోర్డు వైపు వేలు చూపించడం తప్ప ఆయన నోరు విప్పడు. సింఫనీ చీటీ చదివి ఆయనే పైకి నవ్వాడు. నేను బోర్డు వైపు వేలు చూపించాను.

నీ మరదలు


మేడ మీద గది, రికార్డుల పక్కన
మార్చి 3

మరదలు పిల్లకి,

మోకాలు తగ్గలేదు. మీ అక్క మెట్లెక్కి వచ్చి మరీ నీ ఉత్తరం నాకు చదివి వినిపించింది. చెల్లో చీటీ రెండుసార్లు చదివింది. ముప్ఫై ఏళ్ళుగా పత్రికలో ప్రతి ఆదివారం సంగీతం గురించి రాస్తున్నాను. నాది ఒక్క వాక్యం కూడా అది రెండోసారి చదివిన గుర్తు నాకు లేదు. ఇది ఫిర్యాదు కాదు, సమాచారం.

నీ చీటీలు సరదాగా ఉన్నాయి. ఇంట్లో వాళ్ళకి రాసుకునేంత వరకు బాగుంటాయి. లైబ్రరీ అట్టలో పెట్టేటప్పుడు మాత్రం ఒక మాట ఆలోచించు. చెవిన పడడం వేరు, వినడం వేరు. ఆ సింఫనీ చివర ఎందుకు అంతసేపు సాగుతుందో తెలుసుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది. నువ్వు టీ పెట్టుకున్నావు. ఒక్కో ఆల్బమ్ కనీసం మూడుసార్లు విను, ఆ తర్వాత రాయి. పెన్సిల్‌తో రాస్తే ఇంకా మంచిది, చెరపడానికి వీలుంటుంది.

నీకు ఒక కబురు. మీ లైబ్రరీ వాళ్ళు ఆ రికార్డుల గదిని బాగుచేసి సెప్టెంబరులో మళ్ళీ తెరుస్తున్నారు. నూరు ఆల్బములకీ అద్దాల బీరువా, ఒక్కోదానిలో నా వ్యాసం అచ్చు వేసిన కార్డు. ప్రారంభానికి నన్నే పిలిచారు.

ఇంకొక్క మాట. ఒకటో నంబరు, నల్ల అట్ట దగ్గరికి వచ్చినప్పుడు తొందరపడకు. అట్ట మీద అక్షరం ఉండదు. పాడేది ఏ భాషో నాకూ తెలియదు. పాత సామాన్ల కొట్లో దొరికింది నాకు, లోపలి కాగితం కవరు కూడా లేకుండా. ముందు నా ఏడు పేజీలు చదువు. “అందరూ వెళ్ళిపోయిన హాల్లో కుర్చీలు ఒక్కొక్కటే మడిచి పెడుతున్న ముసలివాడి గొంతు ఇది. ఒక్కో వైపు పంతొమ్మిది నిమిషాలు. ఒక్క క్షణం కూడా అతను తొందరపడడు” అని మొదలవుతుంది. ఇరవై రెండేళ్ళ కిందట రాశాను. ఇప్పుడు రాసినా ఒక్క మాట మార్చను.

బావ


పళ్ళ ల్యాబు, వెనక గది
ఏప్రిల్ 6

బావకి,

మూడుసార్లు వినమన్నావు. పదిహేడో నంబరు, ఆ పాటల నాటకం, మూడుసార్లు విన్నాను. మొదటిసారి రాసిందే మళ్ళీ రాశాను, పెన్నుతోనే: “ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు, ఆఖరి గడియలు. అయినా అరగంట ఎలుగెత్తి పాడింది. మా పెదనాన్నకి అదే జబ్బు. మంచినీళ్ళు అడగడానికి కూడా చెయ్యి ఊపేవాడు.” నువ్వు దీన్ని ఒపెరాల్లో శిఖరం అన్నావు. అయి ఉండొచ్చు. నేను ఆ మంచం పక్కన కూర్చున్నదాన్ని.

అన్నీ తిడుతున్నానని అనుకోకు. ఇరవై ఆరు, ఆ యంత్రాల సంగీతం: “మనిషి కనపడడు. తలుపు బయట నిలబడి ఉన్నట్టు మాత్రం తెలుస్తుంది. పని చేసుకోవడానికి దీన్ని మించింది లేదు.” ఇరవై రెండు, మాటల్నే పాటగా చెప్పే కుర్రవాడు: “ఇతనికి కోపం ఉంది. ఆధారాలు కూడా ఉన్నాయి.” పంతొమ్మిది, గిటారు ముసలాయన: “గొంతు లేదు. చెప్పాల్సింది ఉంది. అది చాలు.” ఈ మూడూ నీతో ఏకీభవించినవే. నువ్వు నాలుగేసి పేజీల్లో చెప్పావు.

ఇప్పుడు అంకెలు. నిశ్శబ్దం గారు రిజిస్టరు తెరిచి చూపించాడు. కిందటి ఏడాదికి ముందు ఏడాదిలో నేను తీసుకెళ్ళినవి కాక, ఆ నూరింటిలో బయటికి వెళ్ళినవి పదకొండు. కిందటి ఏడాది అరవై మూడు. జనం చీటీ చదివి తీసుకెళుతున్నారు. నా కింద వాళ్ళూ రాస్తున్నారు. అరవయ్యో నంబరులో ఒక బస్సు డ్రైవరు, “నాలుగో పాట ఎందుకు నచ్చిందో నాకు తెలుసు. నేనూ చెప్పను” అని రాశాడు. సింఫనీలో ఒక నర్సు, “టీ ఆగగలదు, ముగింపు వినండి” అని రాసింది. ఆవిడ మాట మీద మళ్ళీ విన్నాను. టీ తోనే.

అయితే లైబ్రరీ కమిటీ నుంచి నిశ్శబ్దం గారికి కాగితం వచ్చింది. కొత్త గది తెరిచేలోగా పాత చీటీలన్నీ తీసేయాలట. అచ్చు కార్డులు మాత్రమే ఉండాలట. నీకు ఈ సంగతి తెలియకపోవచ్చు. ప్రారంభించేది నువ్వే కాబట్టి ఒక్క మాట చెప్పు, చాలు. నావీ, వాళ్ళవీ కలిపి నూట నలభై అభిప్రాయాలు బావా. పగలంతా ఎవరి నోట్లో పళ్ళో అమర్చే మనిషిని నేను. నాకేమనిపించిందో నేను చెప్పింది, అది ఎవరో చదివింది, ఆ అట్టల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

నీ మరదలు


మేడ మీద గది
ఏప్రిల్ 25

మరదలు పిల్లకి,

కమిటీ నిర్ణయాల్లో నేను వేలు పెట్టను. గదికి ఒక పద్ధతి కావాలని వాళ్ళు అనుకుని ఉంటారు. చీటీలు పారేయరు, నీకే ఇచ్చేస్తారు. ఒక పుస్తకంలో అతికించుకుని దాచుకో, ముచ్చటగా ఉంటుంది.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మీ అక్క కిందే పడుకుంటోంది.

బావ


లైబ్రరీ, చదువుకునే బల్ల
మే 14

బావగారికి,

నిశ్శబ్దం గారు ఈ రోజు నన్ను పిలిచి, చీటీలు పట్టుకెళ్ళమని ఖాళీ బూట్ల పెట్టె ఒకటి ఇచ్చాడు. నేను తీసుకోలేదు. ఆయన కాసేపు బోర్డు వైపు, కాసేపు నా వైపు చూసి ఫైలు తెరిచి ఒక ఉత్తరం ముందు పెట్టాడు. చదవమని నోటితో అనలేదు.

మీ చేతిరాత నాకు తెలుసు. కమిటీ పేర రాసింది, తేదీ ఫిబ్రవరి 27. అంటే నాకు మార్చిలో రాసిన ఉత్తరానికి నాలుగు రోజుల ముందు. “అట్టల్లో సాధారణ శ్రోతలు రాసిన చీటీలు ఉన్నట్టు తెలిసింది. వాటిని తొలగించడం ఆ కళాకారులకి మనం ఇచ్చే కనీస గౌరవం” అని ఉంది. ఉన్నట్టు ఎవరి ద్వారా తెలిసిందో మీరు రాయలేదు. నా ద్వారా. మీరు నవ్వుతారని ఎత్తి రాసిన ఉత్తరం ద్వారా.

నా పని గురించి మీకు ఎప్పుడూ చెప్పలేదు, మీరూ అడగలేదు. ఇప్పుడు చెబుతాను. మా దగ్గర తయారైన పళ్ళ సెట్టు డాక్టరు దగ్గరికి వెళుతుంది. పెట్టుకున్న మనిషి రెండు రోజుల్లో తిరిగి వచ్చి ఎడమ పక్క నొక్కుతోంది అంటాడు. అచ్చు చూస్తాను, కొలతలు చూస్తాను. అన్నీ సరిగ్గా ఉంటాయి. అయినా అతనితో, నీకు దంతాల శాస్త్రం రాదు, మూడుసార్లు నమిలి రా అని ఎవరూ అనరు. ఎడమ పక్క అరగదీస్తాం. నోరు అతనిది. నొప్పి అంటే నొప్పే. ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నాను. కొలతలు సరిగ్గా ఉండి నొప్పి అబద్ధమైన సెట్టు ఒక్కటీ నా చేతికి రాలేదు.

పెట్టె తిరిగి ఇచ్చేశాను. చీటీలు ఎక్కడ రాశానో అక్కడే ఉంటాయి. తీసేయాలనుకుంటే సెప్టెంబరులో మీరే వచ్చి, మీ చేత్తో, ఒక్కో అట్టలోంచీ తీయండి. వాటి మీద నూట నలభై మూడు అభిప్రాయాలు. ఈ నెలలో మరో మూడు రాశాను.

మీ భార్య చెల్లెలు


మేడ మీద గది
జూన్ 5

మరదలికి,

‘మీరు’ అన్నావు. పెళ్ళయిన మూడో రోజు నా చెప్పులు దాచిపెట్టి, వెతుక్కో బావా అన్న దానివి. తిట్టినా ఇంత తగిలేది కాదు.

ఆ ఉత్తరం రాసింది నేనే. దాచకుండా ఉండాల్సింది. దాచినందుకు తప్పు నాది. రాసినందుకు కాదు.

నీ పళ్ళ వాదం బాగుంది, కానీ ఇక్కడ నప్పదు. పళ్ళు నోటికోసం చేస్తారు. నల్ల అట్టలో పాడిన మనిషి నీ కోసం పాడలేదు, నా కోసమూ పాడలేదు. అతని దగ్గరికి మనం వెళ్ళాలి. వెళ్ళడానికి సిద్ధపాటు కావాలి. మైనం చల్లారేలోగా అయ్యే పని కాదు. నేను అది వరుసగా పదకొండు రోజులు విన్నాను. అన్నం తినకుండా విన్న రోజులు ఉన్నాయి.

అందుకే ఒక పందెం. ఒకటో నంబరు విను. విన్నాక కూడా నీ చీటీ ఒకటి అందులో పెట్టగలిగితే, నవ్వు పుట్టించడానికి కాక నిజంగా రాయగలిగితే, కమిటీకి నేనే రాస్తాను, చీటీలన్నీ ఉంచమని. రాయలేకపోతే బూట్ల పెట్టె తీసుకో. నా మాట మీద నేను ఉంటాను.

బావ


పళ్ళ ల్యాబు, వెనక గది
జూలై 6

బావా,

నల్ల అట్ట విన్నాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను. ఎక్కడా ఎకసెక్కం లేదు.

లైబ్రరీ ప్రతికి లోపలి కాగితం కవరు ఉంది. దాని మీద ఒక ఫొటో. ఐదుగురు కుర్రాళ్ళు, మధ్యలో మైకు పట్టుకుని పంతొమ్మిది, ఇరవై ఏళ్ళ అమ్మాయి. ముసలాయన ఎవరూ లేరు.

రికార్డు మధ్యన గుండ్రటి కాగితం అడుగున, నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే చిన్న అంకె ఉంది. నలభై ఐదు. మామూలు ఆల్బములు ముప్ఫై మూడుకి తిరుగుతాయి.

కవరు మీద ఒక్కో వైపు నిడివి ఇచ్చారు. పద్నాలుగు నిమిషాలు. నువ్వు పంతొమ్మిది అని రాశావు. పద్నాలుగుని నలభై ఐదుతో హెచ్చించి ముప్ఫై మూడుతో భాగించాను. పంతొమ్మిది వచ్చింది.

ప్లేయరు మీట నలభై ఐదుకి తిప్పి పెట్టాను. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ పాడుతోంది. డోలు పరిగెడుతోంది. కింది దవడలో మూడు పళ్ళు వంకరగా పెట్టి మళ్ళీ తీశాను, కాళ్ళు నిలవక. తర్వాత మీట ముప్ఫై మూడుకి తిప్పాను. నువ్వు రాసిన ముసలాయన వచ్చాడు. కుర్చీలు మడుస్తున్నాడు. ఏడు పేజీల్లో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. వేగం ఒక్కటే అబద్ధం.

ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళలో ఆ రికార్డు లైబ్రరీ నుంచి తీసుకెళ్ళిన వాళ్ళు నలుగురే, చీటీ ఖాళీగా ఉంది. ఇప్పటికి ఖాళీగానే ఉంచాను.

పందెం నాకు గుర్తుంది. నేను చీటీ రాస్తే, ప్రారంభం రోజు అద్దాల బీరువాలో నీ ఏడు పేజీల పక్కనే అది ఉంటుంది. రాయకపోతే చీటీల మీది నూట యాభై అభిప్రాయాలూ పోతాయి. నీ పరువు కోసం అబద్ధం రాయమంటే రాయను. నా చీటీల కోసం నిన్ను పదిమందిలో నిలబెట్టాలన్నా చేతులు రావడం లేదు. అందుకని ఆగస్టు ఆఖరు వరకు ఆగుతాను. నీ అంతట నువ్వు చెబుతావో లేదో నీ ఇష్టం. సెప్టెంబరు ఒకటిన మాత్రం రాస్తాను. పెన్నుతో.

నీ మరదలు


కింది గది
ఆగస్టు 11

చిన్నదానికి,

మీ బావ రాయడం లేదని నేను రాస్తున్నాను. ఆయన బాగానే ఉన్నాడు. తిండి తింటున్నాడు.

నీ ఉత్తరం ఆయన నాకు చూపించలేదు. పడక్కుర్చీ చేతి మీద వదిలేసి వెళితే చదివాను. చదవమని వదిలినట్టే ఉంది.

నీకొకటి చెప్పాలి. నాకు తెలుసు, మొదటి నుంచీ.

మా అత్తగారు పోయిన పన్నెండో రోజు ఆయన ఆ రికార్డు తెచ్చాడు. ఆస్పత్రిలో కానీ, ఇంట్లో కానీ ఆయన కంట తడి పెట్టలేదు. మనిషి కొయ్యబారిపోయాడు. అది పెట్టిన మొదటి రోజు గోడ వైపు తిరిగి ఏడ్చాడు. పదకొండు రోజులు. తల్లి పోయిందని అప్పుడు తెలిసింది ఆయనకి.

ఆ తర్వాత ఒక రోజు ఆయన ఆఫీసుకి వెళ్ళాక దుమ్ము తుడుస్తుంటే గుడ్డ తగిలి మీట తిరిగింది. సూది పెట్టాను. ఆడపిల్ల బయటికి దూకింది. రికార్డు మధ్యలో కొట్టువాడు అతికించిన ధర చీటీ ఒకటి ఉంది, తడిగుడ్డతో అంచు లేపి చూస్తే కింద నలభై ఐదు. మళ్ళీ నొక్కి అంటించేశాను. మీట వెనక్కి తిప్పాను. ఏడుస్తున్న మనిషిని మధ్యలో ఆపి, మీరు ఏడుస్తున్నది తప్పు వేగానికి అని ఎలా చెప్పను? ఆయన తేరుకునేసరికి పుస్తకం అచ్చయింది. వేగం తప్పని ఇద్దరు పాఠకులు ఉత్తరాలు రాశారు. కుట్టుమిషను సొరుగులో ఉన్నాయి.

అప్పటి నుంచి ఆయన గడప దాటగానే అది పెట్టుకుని ఇల్లు ఊడుస్తాను. ఇరవై రెండేళ్ళు. మోకాలు ఎలా ఉన్నా మెట్లెందుకు ఎక్కుతానో ఇప్పుడు నీకు తెలిసింది. డాక్టరుకి చెప్పకు.

నువ్వు అడగబోయేది కూడా చెబుతాను. తేరుకున్నాక ఎందుకు చెప్పలేదు అంటావు. ముప్ఫై ఏళ్ళుగా ఇంట్లో రోజూ పాట మోగుతుంది. అది ఎలా ఉందో ఆయన నాకు చెబుతాడు. నీకెలా ఉంది అని ఒక్కసారి అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని. అడగలేదు. నేనూ మొండిదాన్నే కదా, మన ఇద్దరిదీ ఒకే కడుపు.

నీ ఉత్తరం వచ్చాక నెల రోజులు ఆయన ప్లేయరు ముట్టుకోలేదు. నిన్న నేనే చీపురు పట్టుకుని పైకి వెళ్ళి, ఆయన కూర్చుని ఉండగా, మీట నలభై ఐదుకి తిప్పి పెట్టి గది ఊడ్చాను. కాళ్ళు ఎత్తమంటే ఎత్తాడు. మొదటి వైపు పూర్తిగా విన్నాడు. ఎన్నాళ్ళ నుంచి అన్నాడు. చెప్పాను. కొట్టువాడి చీటీ చూసుకున్నాడు. అప్పుడు అడిగాడు, “నీకెలా ఉంది?”

చెప్పాను. ఏం చెప్పానో ఆయన్నే అడుగు.

అక్క


మేడ మీద గది
ఆగస్టు 24

మరదలు పిల్లకి,

మీ అక్క సొరుగులోంచి ఆ రెండు ఉత్తరాలూ ఇచ్చింది. ఒకటి గడియారాలు బాగుచేసే ఆయనది, ఒకటి పదో తరగతి చదివే అమ్మాయిది. ఇద్దరూ మర్యాదగా, ఒక్కో పేజీలో, నాకంటే బాగా రాశారు. ఇద్దరికీ జవాబులు రాశాను. ఆ అమ్మాయికి ఇప్పుడు నలభై దగ్గర పడి ఉంటుంది. అందుతుందో లేదో.

పత్రికలో వచ్చే ఆదివారం వ్యాసానికి ‘నేను తప్పు వేగంలో విన్నాను’ అని పేరు పెట్టాను. సంపాదకుడు, ఇప్పుడు ఎవరు అడిగారండీ అన్నాడు. ఎవరూ అడగకపోవడమే ఇబ్బంది అన్నాను.

తప్పు ఒప్పుకుంటాను, తల మాత్రం దించుకోను. ముసలివాడు లేడు, సరే. మా అమ్మ పోయింది. నేను ఏడ్చాను. అది ఏ అంకె మీదా ఆధారపడి లేదు. పుస్తకం మళ్ళీ అచ్చయితే ఆ ఏడు పేజీలూ అలాగే ఉంటాయి. కింద జరిగింది జరిగినట్టు చేరుస్తాను. మొత్తం తీసేయమని ఎవరైనా అంటే, ఎడమ పక్క నొక్కిందయ్యా, నోరు నాది అంటాను. ఎక్కడ నేర్చుకున్నానో నీకు తెలుసు.

కమిటీ అధ్యక్షుడికి మూడు సంగతులు రాశాను. చీటీలు ఉండాలి. అద్దాల బీరువాకి తాళం ఉండకూడదు. ప్రారంభంలో నల్ల అట్టని నేనే రెండు వేగాల్లోనూ పెడతాను. ఈ మూడింటిలో ఏది కుదరకపోయినా రిబ్బను కత్తిరించడానికి వేరే మనిషిని చూసుకోమన్నాను. అధ్యక్షుడు ఫోను చేసి, మీ పేరుకి మచ్చ కదండీ అన్నాడు. పేరు నాది, మచ్చ కూడా నాదే అన్నాను.

సెప్టెంబరు ఒకటి వరకు ఆగనక్కర్లేదు. నీ చీటీ రాసేయి. కానీ మొదటి వరస నాకు వదులు. తప్పు మొదట చేసింది నేను.

మీ అక్క కూడా వస్తానంటోంది. ఆ గదికి మెట్లున్నాయని చెప్పాను. నవ్వింది.

బావ


పళ్ళ ల్యాబు, వెనక గది
సెప్టెంబరు 28

బావా,

మీరిద్దరూ బస్సెక్కాక లైబ్రరీకి మళ్ళీ వెళ్ళాను. ప్రారంభం రోజు నువ్వు చూడనివి కొన్ని ఉన్నాయి.

నువ్వు ముప్ఫై మూడులో పెట్టినప్పుడు వెనక వరసలో బస్సు డ్రైవరు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నలభై ఐదుకి తిప్పగానే నర్సు పక్కనున్న ఆవిడ భుజం పట్టుకుంది. నువ్వు మైకు ముందు, ఇరవై రెండేళ్ళు తప్పుగా విన్నాను, ఇంకో ఇరవై రెండేళ్ళు రెండు రకాలుగానూ వింటాను అన్నప్పుడు చప్పట్లు కొట్టనిది అధ్యక్షుడు ఒక్కడే. నిశ్శబ్దం గారు లేచి నిలబడి కొట్టాడు, బోర్డుకి వీపు పెట్టి. నువ్వు కాగితాలు సర్దుకుంటూ చూడలేదు.

అధ్యక్షుడు సోమవారం వచ్చి బీరువాకి తాళం వేయమన్నాడట. నిశ్శబ్దం గారు తాళంచెవి కనపడడం లేదన్నాడట. ఆయన నోట అంత పొడుగు వాక్యం విన్నవాళ్ళు లేరు. తాళంచెవి బూట్ల పెట్టెలో ఉంది. పెట్టె నా బల్ల కింద ఉంది. చివరికి తీసుకున్నాను.

నల్ల అట్ట చీటీ ఎత్తి రాస్తున్నాను. నువ్వు చూసినప్పుడు అందులో రెండు వరసలే నిండి ఉన్నాయి.

మొదటిది నీది. “వృత్తి: రాసేవాడు. ముప్ఫై మూడులో విన్నాను. వేగం తప్పు. ఏడుపు తప్పు కాదు.”

రెండోది నాది. “వృత్తి: పళ్ళు చేసే మనిషి. నలభై ఐదులో విన్నాను. మూడు పళ్ళు వంకర పోయాయి. పై మనిషి చెప్పిన ముసలాయన కోసం ముప్ఫై మూడులో కూడా విన్నాను. ఉన్నాడు.”

మూడోది నేను వెళ్ళేసరికి ఉంది. నువ్వు అధ్యక్షుడితో ఫొటో దిగుతున్నప్పుడు రాసి ఉంటుంది. నువ్వు ‘నీకెలా ఉంది’ అని అడిగితే అక్క ఏం చెప్పిందో నాకు నువ్వు ఇప్పటి దాకా చెప్పలేదు. ఇక చెప్పనక్కర్లేదు. దాని చేతిరాత, పెన్నుతో, వృత్తి గడి ఖాళీగా వదిలేసి:

“మొదటి వైపు ఇల్లు ఊడవడానికి బాగుంటుంది. రెండో వైపు ఏ వేగంలో పెట్టినా బాగోదు.”

నీ మరదలు